విషాక్షరాలు

“ఆంటీ, జర గిది చూడుండ్రి. గీ సంచి పట్టుకున్నామె మీరే గద?”

పై వాటాలో కిరాయికుంటూ గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న సరిత, ఫోను తెచ్చి అన్నపూర్ణమ్మ మొహం ముందు పెట్టింది. పక్కనే కందిపచ్చడి కలుపుకుంటున్న ఆవిడ భర్త వీరరాఘవరావు కూడా మెడ సాచాడు.

అదొక పాత ప్రచార చిత్రం. పేరు ‘విషాక్షరాలు’. బూతు పుస్తకాలు చదివి కుర్రకారు చెడిపోతున్నారని డెబ్బై ఆరులో తీశారట. ఎవరో రీలు దొరకబుచ్చుకుని నెట్లో పెట్టారు. చిక్కడపల్లి చౌరస్తాలో పుస్తకాలు కుప్పపోసి మంట పెట్టారు. ఆరడుగుల అందగాడొకడు ఓ పుస్తకం పైకెత్తి, “తమ్ముళ్లారా! ఇది పుస్తకం కాదు, కాలకూటం!” అని గర్జిస్తున్నాడు. వెనక గుంపులో, కూరల సంచీతో, ఇరవై రెండేళ్ల అన్నపూర్ణ. అతని వంకే చూస్తూ వెక్కివెక్కి ఏడుస్తోంది.

“గంతగనం ఎందుకేడుస్తున్నరు ఆంటీ?”

“పొగమ్మా. కళ్లల్లో పడింది.”

పొగ అవతలి వైపుకు పోతోంది. వీరరాఘవరావు చూడనే చూశాడు.

“ఛీ ఛీ, ఆ చెత్త నేనైతే చేత్తో కూడా ముట్టలేదమ్మా,” అన్నాడు సరితతో, మాట మార్చడానికి.

పచ్చి అబద్ధం. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్నవి మూడు, ఇప్పటికీ అటక మీద సర్వీసు రూల్సు ఫైల్లో భద్రంగా ఉన్నాయి. అయినా అది వేరే సంగతి.

అన్నపూర్ణమ్మ ఆ సినిమా తన ఫోన్లోకి పంపించుకుంది. మూడు రోజులుగా అదే పని. పోపు వేస్తూ చూస్తుంది, కాఫీ తాగుతూ చూస్తుంది. సరిగ్గా ఆ అందగాడు చెయ్యెత్తిన చోట ఆపి, రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేసుకుని, తనలో తను నవ్వుకుంటుంది.

“ఎన్నిసార్లు చూస్తావే?”

“ఎన్నిసార్లయినా చూడొచ్చండీ. మళ్లీ కనబడుతుందనుకోలేదు.”

వీరరాఘవరావుకి ఒళ్లు మండిపోయింది. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో అసూయేమిటని మీరు నవ్వచ్చు. నవ్వండి. మంటకు వయసుతో పనేముంది? ఆ అందగాడు ఎవరో అతనికి తెలుసు. నారాయణగూడ నాటకాల సూర్యప్రకాశరావు. వీధిలో నడిచిపోతుంటే కిటికీలు తెరుచుకునేవి.

ఇక పాతవన్నీ తోడుకున్నాడు. కొత్త కాపురంలో మధ్యాహ్నంపూట ఎప్పుడైనా ఆఫీసు నుంచి ఇంటికొస్తే తలుపు గడియ వేసి ఉండేది. “కుట్టుకుంటున్నానండీ” అనేది. మరి జాకెట్లన్నీ దర్జీ దగ్గరికెందుకు వెళ్లేవి? కుట్టుకునే మనిషి వేళ్లకు సిరా మరకలేమిటి? ఉత్తరాలు! ఇంకేముంటాయి? ఏభై ఏళ్ల కాపురం ఒక్క మరకతో పాడైపోతుందా అనుకుంటే అతనికి అన్నం సయించలేదు.

నాలుగో రోజు పొద్దున్నే నారాయణగూడ వెళ్లి సూర్యప్రకాశరావు తలుపు తట్టాడు. బోడిగుండు, బోసినోరు. చూడగానే సగం ప్రాణం లేచొచ్చింది. జేబులోంచి భార్య పాత ఫొటో తీసి చూపించాడు.

“‘విషాక్షరాలు’ షూటింగ్‌లో ఈవిడ ఉందా?”

సూర్యప్రకాశరావు కళ్లు చికిలించి చూసి, పకపకా నవ్వాడు. “ఈవిడా? మర్చిపోతానా! మంట దగ్గరికి దూసుకొచ్చి నా చెయ్యి పట్టేసుకుంది. వదల్దే! డైరెక్టరు కట్ చెప్పాడు. ఆ ముక్క తీసేశారు.”

“చెయ్యి పట్టుకుని... ఏమంది?”

“‘వద్దండీ, మీకు దణ్ణం పెడతాను’ అని ఒకటే ఏడుపు. అభిమానం సార్! ఆ రోజుల్లో ఆడవాళ్లకి మనమంటే అట్లా ఉండేది. ఇంతకీ ఎవరావిడ?”

వీరరాఘవరావు మెట్లు దిగాడు. అశోక్‌నగర్‌లో ఇంటిదాకా ఎలా నడిచొచ్చాడో అతనికే తెలియదు.

అన్నపూర్ణమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఎదురుగా గిన్నెకు ఆనించిన ఫోన్లో మళ్లీ అదే సినిమా.

“వాడి చెయ్యి పట్టుకున్నావా?”

ఆవిడ తలెత్తింది. “ఎవరు చెప్పారు?”

“వాడే!”

“పట్టుకున్నాను.”

“సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నావా! గడియ వేసుకుని రాసినవి వాడికి ఉత్తరాలే కదూ? ఏభై ఏళ్లు నన్ను వెర్రివెధవని చేశావు! నిజం చెప్పు. లేదా ఈ పూటే అంబర్‌పేట్‌లో మా చెల్లెలింటికి పోతాను. మళ్లీ ఈ గడప తొక్కను.”

ఉత్త కోపమైతే ఆవిడ నవ్వేసేదే. కానీ అతని కళ్లల్లో నీళ్లు చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుని, బొమ్మ పెద్దది చేసి అతని చేతికిచ్చింది.

“ఆ మనిషిని కాదు, చేతిలో ఉన్నదాన్ని చూడండి. అట్ట మీద పేరు చదవండి.”

“‘పూలపాన్పు’. రచన... మలయానిల్.” వీరరాఘవరావు ఫోను చటుక్కున బోర్లించాడు.

“ఆ పేరు మీకు తెలుసు కదా?”

“నాకా? నాకెలా తెలుస్తుంది?”

“అటక మీద ఫైల్లో మూడున్నాయి. ‘ఆడదాని మనసు ఇంతగా తెలిసిన మగాడు ఇంకొకడు లేడు’ అని అట్ట లోపల రాసుకున్నది మీ దస్తూరీయే. ఇల్లు దులుపుతుంటే చూశాను. ఆ పూటంతా నేల మీద నడవలేదంటే నమ్మండి.”

వీరరాఘవరావు చాప మీద కూలబడ్డాడు. “నువ్వెందుకే సంతోషించడం?”

అన్నపూర్ణమ్మ మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది.

“ఆ మలయానిల్‌ని నేనేనండీ.”