ఇచాంగ్‌లో ఒక పూట

"ఇది వద్దురా. ఇచాంగ్‌లో దింపీసి రెండు గంటల్లో బస్సెక్కించీస్తాడట. ఇంకోటి సూపించు," అంది లక్ష్మీకామేశ్వరి, రంగుల కాగితాన్ని పక్కకి తోసేస్తూ.

యుగంధర్ నుదురు రుద్దుకున్నాడు. శ్రీకాకుళంలో ట్రావెల్స్ ఆఫీసు పెట్టాక కాశీకీ సింగపూర్‌కీ ఎందరినో పంపాడు గానీ, మేనత్తలాంటి బేరం ఎప్పుడూ తగల్లేదు. నరసన్నపేటలో ముప్పై ఏళ్లు చీరల కొట్టు నడిపిన మనిషి. గుట్టలు గుట్టలు విప్పించి ఏదీ కొనకుండా పోయేవాళ్లని అన్నేళ్లు భరించి, ఆ కసంతా ఇవాళ మేనల్లుడి మీద తీర్చుకుంటోంది.

"చైనా ఎల్లినోళ్లు ఆ పెద్ద గోడ సూస్తారు, షాంఘై సూస్తారు. ఇచాంగ్‌లో ఏటున్నాదత్తా? ఓడ దిగే రేవు, అంతే."

"నాకు కావలిసింది అక్కడే ఉన్నాది."

అదేమిటో యుగంధర్‌కి తెలుసు. పదకొండేళ్ల కిందట అత్త కూతురు విశాలికి డాక్టరీ సీటొచ్చింది ఆ ఊళ్లోనే. అత్త చేతిసంచీలో విశాలి ఫొటో ఉంది, దాని కింద 'ఈ అమ్మాయిని చూశారా' అని చైనా అక్షరాలున్నాయి. ఆ అక్షరాలు అచ్చు వేయించి ఇచ్చింది తనే. మరో కాగితం తీశాడు.

"ఇది సూడు. యాంగ్జీ మీద పెద్ద ఓడ. చోంగ్‌చింగ్‌లో ఎక్కితే నాలుగు రోజులూ ఏటి మీదే. లిఫ్టున్నాది, మావయ్య కుర్చీకి ఇబ్బంది నేదు. ముందే సెప్తే శాకాహారం వండుతారు. దిగేది ఇచాంగ్‌లోనే, ఒక పూట ఖాళీ."

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్న రంగనాథం తలెత్తాడు.

"ఏటి," అన్నాడు.

"ఏటీ నేదండీ. చైనా ఊసు," అంది భార్య, అటు తిరక్కుండానే.

పక్షవాతం కుడి చేతినీ, కుడి కాలినీ, మాటల్నీ పట్టుకుపోయి ఆయనకి ఆ ఒక్క ముక్కే మిగిల్చింది. కంచం పెడితే ఏటి. చుట్టాలొస్తే ఏటి. స్నానానికి బకెట్లో నీళ్లు పడుతుంటే మరీ ఘోరం, ఎడం చెయ్యి ఆడిస్తూ ఏటి, ఏటి అని కేకలు. "సన్నీళ్లు కాదండీ, వేణ్ణీళ్లే," అని ఆవిడ బుజ్జగించేది. ఒక్కోసారి గదిలో ఎవరూ లేకపోయినా ఆ మాట వినబడేది. పదకొండేళ్లుగా ఆయన అడుగుతూనే ఉన్నాడు, ఆవిడ జవాబు చెబుతూనే ఉంది.

"మావయ్యని మా ఇంట్లో దింపు అత్తా. ఈ మనిషితో అంత దూరం కష్టం."

"నాన్న కూతురురా అది. ఆయన్ని సూస్తేనే కరుగుతాది. నేనొక్కర్తినీ ఎల్తే తలుపు కూడా తియ్యదు."

చైనా వద్దని ఆవిడ మొదట్నుంచీ గొడవే. బయల్దేరే రోజు కూడా "ఎల్తే మళ్లీ నా గుమ్మం తొక్కకు" అనేసింది. పిల్ల కళ్లు తుడుచుకుని, కారు మాట్లాడతానన్నా వినకుండా, నాన్న స్కూటరే ఎక్కింది. ముందు ఎర్ర పెట్టె, వెనక విశాలి. ఆముదాలవలస స్టేషన్‌కి వెళ్లిన మనిషి మడపాం వంతెన మీద స్కూటర్ పక్కన పడున్నాడని చీకటి పడేసరికి కబురొచ్చింది. కూతుర్ని రైలెక్కించి వస్తూ పడిపోయాడన్నారు. రెండ్రోజులకి, పిల్ల కలకత్తాలో తమ గుంపులో కలవలేదని చైనా వెళ్లే విద్యార్థుల నుంచి ఫోనొచ్చింది. ఎవరితోనో లేచిపోయిందని బజారంతా అంది. పెద్దపిల్లే కదా, తనే వస్తుందిలెమ్మన్నారు పోలీసులు. లక్ష్మీకామేశ్వరి మాత్రం, పిల్ల పౌరుషం కొద్దీ ఒంటరిగా చైనా చేరిందనీ, తనన్న మాట పట్టుకునే గుమ్మం తొక్కడం లేదనీ నమ్మింది. ఆ నమ్మకం మీదే బతికింది. మొదట జబ్బు మనిషిని వదల్లేక, తర్వాత కరోనాతో దారులు మూసుకుపోయి, ఇప్పటికి కుదిరింది.

"ఈ ఓడే ఖాయం చెయ్యి," అంది. "దాని కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తాను."

యుగంధర్ ఊరట పడి, ఓడ బొమ్మున్న కాగితాన్ని మావయ్య ఒళ్లో పెట్టాడు. పొడవాటి వంతెన, దాని కింద తెల్లటి ఓడ. రంగనాథం చాలాసేపు చూశాడు. ఎడం చేతి వేలు వంతెన మీద పెట్టాడు. అక్కణ్నుంచి కిందికి జార్చి నీళ్ల మీద ఆపాడు.

"ఏటి."

"అది వంతెన మావయ్యా," అన్నాడు యుగంధర్ గట్టిగా.

రంగనాథం కాదన్నట్టు తలాడించాడు. మళ్లీ వంతెన. మళ్లీ నీళ్లు. "ఏటి! ఏటి!"

"ఏటీ నేదండీ, నీళ్లు. ఏటి నీ..."

లక్ష్మీకామేశ్వరి నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. రంగనాథం అవునన్నట్టు తలూపాడు. ఊపుతూనే ఉన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

ఆవిడ మెల్లగా మేనల్లుడి వైపు తిరిగింది. "ఒరే, ఆ రోజు వంతెన మీంచి స్కూటర్ నువ్వే కదా తెచ్చేవు? అది ఎటు మొగం పెట్టి పడున్నాది?"

"స్టేషనేపు అత్తా. నేనే ఇటు తిప్పుకుని..." అంటూ యుగంధర్ ఆగిపోయాడు.

విశాలి బయల్దేరిన ఆ వారమంతా వంతెన కింద వంశధార గట్లు ఒరుసుకుని పారింది. బియ్యప్పిండి ముగ్గు ఒక్కరోజు కూడా గుమ్మంలో నిలవనంత వాన. లక్ష్మీకామేశ్వరి భర్త ముందు కూలబడి, ఆయన ఎడం చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

పదకొండేళ్లుగా ఆయన చెబుతూనే ఉన్నాడు.