నూకరత్నం ఇంటి డామ్సెల్ చేపలు

సముద్రం వేడెక్కి పగడపు దిబ్బలన్నీ చచ్చిపోయాక, విశాఖలో ఇంటికో ఉప్పునీటి తొట్టి వచ్చింది. ప్రతి తొట్టిలో, జాతి అంతరించిపోకుండా, ఆ దిబ్బల మీద బతికే చిన్న డామ్సెల్ చేపలు ఒక జత. అవి గుడ్లు పెడితే వాడంతా మిఠాయి పట్టుకెళ్ళి చూసొచ్చేది.

పైడమ్మ నాలుగేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఎదురు ఫ్లాటు నూకరత్నం చేపలు ఏడాదికే రాతి మీద గుడ్లు పెట్టాయి. ఆ రోజు పైడమ్మకు అన్నం సయించలేదు.

మర్నాడే నూకరత్నం కూతురి పురిటికి బయల్దేరుతూ తాళాలిచ్చింది.

"వదినా, రెండ్రోజులు కాస్త మేతెయ్యవా? నువ్వుంటే నాకు బెంగుండదు."

పైడమ్మ మేత వేసింది. తర్వాత ఆ గుడ్లను గోటితో గీకేద్దామని చెయ్యి నీళ్ళలో ముంచింది. బొటనవేలంత మగచేప దూసుకొచ్చి కొరికింది. ఆమె చెయ్యి తీయలేదు. అది మళ్ళీ కొరికింది, పారిపోకుండా కొరుకుతూనే ఉంది. పైడమ్మకు సిగ్గేసి చెయ్యి తీసేసింది.

నూకరత్నం తిరిగి రాగానే పైడమ్మ చెప్పేసింది. "నీ చేపల గుడ్లు గీకేద్దామనుకున్నానే. కుళ్ళుతో కళ్ళు కనబళ్ళేదు."

నూకరత్నం చెయ్యి చాపి తాళాలు తీసుకుంది.

రెండు నెలలకు ఆమే వచ్చి తలుపు తట్టింది. "చేపపిల్లల్ని కొత్తగా పెంచిన పగడపు దిబ్బ మీద వదలడానికి పడవొచ్చింది. ఇద్దరికి చోటుందిట. రా వదినా. బకెట్టు మాత్రం నేనే పట్టుకుంటాను."

పైడమ్మ వెళ్ళింది. సముద్రం వైపు ఒక్కసారి కూడా చూడకుండా, దారిపొడవునా ఆ బకెట్టునే చూస్తూ కూర్చుంది.