దేవుడు చెప్పినాడన్న అబద్ధం

సంఘస్థులారా, పాస్టర్ తీమోతి చేత అబద్ధమాడించింది మీరే.

తీమోతికి విశ్వాసం పోయి ఏడాదైంది. చెబితే చర్చి ఇచ్చిన ఇంట్లోంచి మీరు గెంటేస్తారని దాచుకున్నాడు.

తాడిమర్రి దగ్గర చెనిక్కాయల చేలో పాము కరిచిన కూతుర్ని మీ సంఘంలోని సలోమి ఆయన దగ్గరికే మోసుకొచ్చింది.

"ఈడికెందుకమ్మా, ధర్మవరం ఆస్పత్రికి పో!"

"ముందు ప్రార్థన చేయండయ్యగారూ. మీరే ఇట్లంటే మేం యాడికి పోవల్ల?"

పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి. ఆయన మోకరించాడు.

"దేవుడు చెప్పినాడు. ఆస్పత్రికే పొమ్మన్నాడు. ఇప్పుడే!"

పిల్ల బతికింది.

ఆదివారం సలోమి ఇద్దరు రోగులను వెంటబెట్టుకొచ్చింది. "ఆస్పత్రికి పోతాంటే నేనే నిలిపినా అయ్యగారూ. దేవుడేమంటాడో అడగండి."

ఆస్పత్రికి పంపడానికి ఆడిన అబద్ధమే ఇప్పుడు ఆస్పత్రికి అడ్డమొచ్చిందని తీమోతికి అర్థమైంది.

పాము కరిస్తే నేరుగా ఆస్పత్రికి పోండి.
పాస్టర్‌ను, పూజారిని వైద్యం అడగొద్దు.
విశ్వాసం పోయినవాణ్ణి ఇంట్లోంచి గెంటొద్దు.
తీమోతిని నిజం చెప్పనివ్వండి.