వాగులో దుంగలు

"ముందు నీళ్ళలోంచి బయటికి రా!" గట్టు మీంచి మేస్త్రీ అరిచాడు.

నడుంలోతు వాగులో నిలబడ్డ ఆమె వినిపించుకోలేదు. నీళ్ళకి అడ్డంగా పేర్చిన దుంగల సందుల్లోంచి కొమ్మలూ, కుళ్ళిన ఆకులూ రెండు చేతులా లాగి గట్టు మీదికి విసిరేస్తోంది.

మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. పోయినేడు వరదొచ్చి కింద వీధుల్ని ముంచేశాక గానీ ప్రభుత్వం కళ్ళు తెరవలేదు. కొండవాలు దున్నకుండా అడవికి వదిలేయండి, పరిహారం మేమిస్తాం అంది. వాగు జోరు తగ్గేలా దుంగలు వేయించింది. ఆ సందుల్లో చెత్త పట్టుకుంటేనే నీళ్ళు నెమ్మదిస్తాయి. పట్టుకున్నది పట్టుకున్నట్టు రోజూ ఎవరో పీకేస్తున్నారు. ఇవాళ ఇంజనీరు చూడ్డానికొస్తున్నాడు. ఇది పనికిరాదని ఆయన తేల్చేస్తే పథకానికి మంగళం పాడేస్తారు. కూలీలంతా ఇంటికే, మేస్త్రీతో సహా.

"పొయ్యిలోకి పుల్లలు కావాలంటే కొండ మీద బోలెడున్నాయి. నీ కన్ను దీని మీదే పడాలా?"

"పుల్లల కోసం కాదు బాబాయ్."

నిజమే. పీకిన చెత్తంతా గట్టు మీద కుప్పలు కుప్పలుగా ఎండుతోంది. ఒక్క పుల్ల కూడా ఇల్లు చేరలేదు. అది చూశాక అతనికి కోపం ఇంకా పెరిగింది.

"నీది వాగు పక్కన మొదటిల్లే కదమ్మా? మళ్ళీ వరదొస్తే ముందు మునిగేది నువ్వే. నీ కొంప నువ్వే ముంచుకుంటావా?"

"మునగనీ."

అంతే అని మళ్ళీ వంగింది. చలికి పెదాలు నల్లబడిపోయాయి. ముళ్ళు గీరుకుని చేతుల నిండా రక్తం. అంత కోపంలోనూ అతనికి జాలేసింది.

దూరంగా జీపు చప్పుడు వినిపించింది.

"నీకు దణ్ణం పెడతాను తల్లీ! ఎందుకిలా చేస్తున్నావో అదైనా చెప్పు. ఆయనడిగితే నేనేం చెప్పాలి?"

"మొన్న మా వీధికొచ్చి నువ్వే చెప్పావుగా బాబాయ్, పైనుంచి ఏం కొట్టుకొచ్చినా ఈ దుంగలు దాటి పోదని."

"చెప్పాను. అయితే?"

ఆమె చేతులు ఆగలేదు.

"పోయినేడు వరదలో, ఎగువనున్న వంతెన మీద నా చేతిలోంచి జారిపోయింది మా చిన్నది. ఇంకా కిందికి రాలేదు బాబాయ్."