డల్సీ కొడుకులు

డల్సీ నపనంక తన కొడుకు సంచి సర్దుతోంది.

నిప్పుల్లో కాల్చిన రొట్టె అడుగున పెట్టింది. దాని మీద రేకు కాగితంలో చుట్టిన కంగారూ తోక. ఆ పైన ఉన్ని టోపీ. సంచి మూతి బిగించి కట్టింది. మళ్ళీ విప్పింది. టీ పొడి డబ్బా మరిచిపోయింది.

"చాల్లేమ్మా! సాయంత్రానికల్లా పట్నంలో ఉంటాను," అన్నాడు జకమర.

"లారీ వెనకెక్కి కూర్చోకు నాన్నా. డ్రైవరు తాగున్నాడేమో చూసుకో."

"లారీ ఎక్కడిదమ్మా? నా జీపు నేనే నడుపుకుంటూ పోతుంటే!"

"అయినా సరే. కూర్చోకు."

జకమర నవ్వాడు. ఎండకి కందిపోయిన తెల్లటి ముఖం. మెడలో కంపెనీ కార్డు. దాని మీద పేరు ఫిన్లే. కొత్త గనికి రోడ్డు వెయ్యాలి, భూమి సొంతదారుల అభిప్రాయం సేకరించుకు రమ్మని కంపెనీ పంపిన అధికారి. జకమర అన్న పేరు ఈ మధ్యనే వచ్చింది.

పేరు పెట్టక తప్పలేదు. అక్కడ తల్లి పేరుని బట్టే బిడ్డ పేరు, పేరుని బట్టే వరస. తనామీ ఎడారిలోని ఆ ఆదివాసీ పల్లెలో, వచ్చిన మనిషి ఎవరికేమవుతాడో తేలనిదే ఎవరూ నోరు విప్పరు. తమ్ముడా, మామా, తాతా? ఏమని పిలవాలి? వచ్చిన కొత్తలో ఫిన్లే కొమ్మల పందిరి కింద పటం పరుచుకుని రోజుల తరబడి కూర్చున్నాడు. కుక్క ఒక్కటే వచ్చి పటం మీద పడుకుంది.

చివరికి డల్సీయే జాలిపడింది. "నా కొడుకువి పో. నపనంక కొడుకు జకమర అవుతాడు. వచ్చి పొయ్యి దగ్గర కూర్చో."

ఫిన్లే కళ్ళు చెమర్చాయి. ఆ సంగతి ఫోటోతో సహా హెడ్డాఫీసుకి రాసుకున్నాడు.

అప్పుడు సంప్రదింపులు జోరందుకున్నాయి.

"రోడ్డు నీటి ఊటకి ఇటు పక్కగా వెయ్యమంటారా, అటు పక్కగానా?"

"ఎటేసినా ఊట పూడిపోతుంది. అసలు వెయ్యకపోతేనో?" అంది డల్సీ.

"ఆ ప్రశ్న ఈ ఫారంలో లేదమ్మా."

లేదని ఆమెకి తెలుసు. వద్దని ఊరంతా ఎన్నోసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా, సంప్రదింపులు ఫలవంతంగా సాగుతున్నాయని కంపెనీ పత్రికలకు చెప్పుకుని, మళ్ళీ వచ్చి అడిగింది.

"ఊట ఎవరిదో వాళ్ళనే అడుగు. అది నంగలది. వాళ్ళ నాన్న తరఫున వచ్చింది," అన్నారు పెద్దలు.

"ఆవిడెక్కడ?"

దూరంగా ముల్గా చెట్టు కింద ఓ ముసలావిడ ఇటు వీపు పెట్టి కూర్చుని ఉడుముని కాలుస్తోంది. ఫిన్లే పటం చుట్టి లేచాడు.

"కూర్చోరా సిగ్గులేనోడా!" డల్సీ అతని చొక్కా పట్టుకుని లాగింది. "జకమరకి నంగల అత్తవుతుంది. అత్త ముఖం చూస్తావా? అత్తతో మాట్లాడతావా?"

"నాకింకా పెళ్ళే కాలేదమ్మా!"

"నీకు పెళ్ళి కాకపోతే ఆవిడ అత్త కాకుండా పోతుందా?"

పందిరి కింద అందరూ పకపకా నవ్వారు. ఫిన్లే గబుక్కున తల తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఓసారి కొట్లో నంగల ఎదురైతే పిండి బస్తాల వెనక దాక్కున్నాడు. అల్లుడంటే అలా ఉండాలని ఊరు ఊరంతా మెచ్చుకుంది.

మధ్యవర్తిని పెడతానన్నాడు. సొంతదారు నోటి నుంచే వినాలన్నారు కంపెనీ లాయర్లు. పోనీ తనే వెళ్ళి వింటే? స్థానిక ఆచారాలను తు.చ. తప్పకుండా గౌరవించాలని కంపెనీ నిబంధన ఉంది. ఆ నిబంధన రాసింది ఫిన్లేయే. ఇక లాభం లేదని, తన బదులు ఇంకొకరిని పంపమని తానే అర్జీ పెట్టుకున్నాడు.

"మళ్ళీ వస్తానమ్మా. ఒట్టు," అన్నాడు జీపెక్కుతూ.

"వస్తావులే," అంది డల్సీ.

కిటికీలోంచి పట్టుకున్న అతని చేతిని బండి కదిలేదాకా వదల్లేదు. దుమ్ము అణిగినా అక్కడే నిలబడి ఉంది. కొంగు లేదు కాబట్టి గౌను అంచుతో కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు నంగల ముల్గా చెట్టు కింద నుంచి తీరిగ్గా లేచి వచ్చి, పొయ్యి దగ్గర చతికిలబడింది.

"పోయాడా వదినా?"

"పోయాడు."

"మంచి అల్లుడే. బస్తాల వెనక నుంచి కాళ్ళు కనబడుతుంటే నవ్వాపుకోలేక చచ్చాననుకో. కొత్తవాడెప్పుడొస్తాడట?"

"వానలకి ముందే. గడ్డముంటుందట."

"ఉండనీ. వాడికేం పేరు పెడతావు?"

"ఏం పెడతాను? నా కొడుకులంతా జకమరలే కదా."

"నా అల్లుళ్ళంతా పిరికివాళ్ళే!" నంగల కడుపు పట్టుకుని నవ్వింది. "ఎంతమందిని కన్నావే తల్లీ! ఒక్కడూ ఒక్క గజం రోడ్డు వెయ్యలేకపోయాడు."

నవ్వుతూ నవ్వుతూ డల్సీ ముఖం చూసి టక్కున ఆపేసింది.

డల్సీ దారి వంకే చూస్తోంది.

"చలేస్తే టోపీ పెట్టుకుంటాడంటావా?"

"వీడు పెట్టుకుంటాడులే," అంది నంగల మెల్లగా.

డల్సీ కడుపున పుట్టిన జకమర ఒక్కడే. కొండ అవతలి పాత గనికి రోడ్డు పడిన ఏడాది, పంతొమ్మిది వందల ఎనభై ఏడు జులై చలిలో, వాడు కూలిపనికని కంపెనీ లారీ వెనకెక్కి వెళ్ళి, తిరిగి రాలేదు.