పొద్దుటి తనిఖీ

“చెయ్యి ఇలా ఇవ్వు,” అన్నాడు మాస్టారు.

భార్య ఎడమచెయ్యి చాపింది. ఆయన సూది గుచ్చి, వేలి కొసను తన రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి, పైకి ఉబికిన రక్తపుబొట్టును మీటరు స్ట్రిప్పుకు అంటించాడు. అంకె రెండు వందలు దాటింది.

“రాత్రి ఏం తిన్నావు?”

“మీ ఎదుటే కదండీ తిన్నాను. రెండు గుడ్లు, ఉడికించిన ఆకుకూర, ఇంత వెన్న.”

“నా ఎదుట తిన్నది కాదు, నా వెనక తిన్నది అడుగుతున్నాను.”

ఆవిడ లేచి కుట్టుమిషను దగ్గరకు వెళ్ళిపోయింది.

మాస్టారి ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం పరీక్ష హాళ్ళ తనిఖీలోనే గడిచింది. చొక్కా మడతలో, బూటు అడుగున, గడియారం వెనక దాచిన కాపీ చీటీలను ఆయన దూరం నుంచే పసిగట్టేవాడు. పిల్లలు ఆయనకు ‘డేగ’ అని పేరు పెట్టుకున్నారు. ఉద్యోగం నుంచి విరమించుకున్నాడు గానీ ఆ చూపు నుంచి విరమించుకోలేదు.

ఆవిడకు థైరాయిడ్ చాలాకాలంగా ఉంది. దానికి షుగరు తోడయ్యాక, డాక్టరమ్మ మాత్రలు మానవద్దని గట్టిగా చెప్పి, కీటో ఆహారం మొదలుపెట్టించింది. అన్నం, రొట్టె, తీపి, పళ్ళు బొత్తిగా బంద్. గుడ్లు, వెన్న, చీజ్, బాదం, ఆకుకూరలే తిండి. మొదట్లో పొద్దుటి రక్తపరీక్ష ఆవిడే చేసుకునేది. బట్టలు కుట్టే మనిషికి సూదిపోటు కొత్త కాదు. అంకెలు చక్కగా వచ్చేవి, బరువు మాత్రం తగ్గలేదు. థైరాయిడ్ ఉన్నవాళ్ళకు కాస్త ఆలస్యమవుతుందని డాక్టరమ్మ చెప్పిన మాట మాస్టారి చెవికెక్కలేదు. చదువు రానివాడికి మంచి మార్కులు వస్తే ఆయనకు తెలిసిన కారణం ఒక్కటే.

“ఇకనుంచి నేనే చూస్తాను,” అన్నాడు.

ఆయన చెయ్యి పెట్టిన నాటినుంచే అంకెలు పెరిగాయి. దొంగతనం బయటపడిందని ఆయన రూఢి చేసుకున్నాడు.

రాతిగుండె మనిషేమీ కాదు. ఆవిడ లేని ఇల్లు ఆయన ఊహకే అందేది కాదు. ఆవిడకు నోరూరకూడదని తన పొద్దుటి నారింజపండును కూడా వెనక వరండాలో చాటుగా వలుచుకు తిని, చేతిరుమాలుతో చేతులు తుడుచుకుని, ఆ తరువాతే ఆవిడను పరీక్షకు పిలిచేవాడు. వంటింటి అలమరకు తాళం వేసిందీ ప్రేమతోనే.

“అమ్మ అబద్ధం ఆడదు నాన్నా,” అంది చూడవచ్చిన కూతురు.

“అమ్మ ఆడటం లేదమ్మా. నాలుక ఆడిస్తోంది.”

“నీకు అమ్మ మీదకన్నా ఆ మీటరు మీద నమ్మకం ఎక్కువైంది.”

“మీటరుకు తీపి మీద ఆశ ఉండదు కదా.”

డాక్టరమ్మకు కూడా ఆయనే ఫోను చేసి, “చాటుగా తింటోందండీ,” అని అంకెలు చదివి వినిపించాడు. డాక్టరమ్మ షుగరు మాత్రల మోతాదు పెంచింది. కొద్దిరోజులకే ఆ ఇల్లాలు చెమటలు కారి, చేతులు వణికి, కుట్టుమిషను మీదికి వాలిపోయింది. ఆసుపత్రిలో చూస్తే షుగరు పాతాళానికి పడిపోయి ఉంది. మోతాదు ఎక్కువైందని తగ్గించారు. అక్కడున్నన్నాళ్ళూ అదే తిండి పెట్టారు. నర్సు తీసిన అంకెలన్నీ సవ్యంగానే వచ్చాయి.

“చూశారా?” అంది ఆవిడ.

“చూశాను. ఇక్కడ దాచుకోవడానికి చోటు లేదు.”

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే అంది. “జబ్బుతో ఎన్నాళ్ళైనా కాపురం చేస్తాను. దొంగనన్న పేరుతో మాత్రం మీ గడపలో ఉండను. ఇది తేలకపోతే అమ్మాయి దగ్గరకు వెళ్ళిపోతాను. మీ తాళాలు మీరే చూసుకోండి.”

మాస్టారు ఆవిడ భుజం మీద దుప్పటి సర్దాడు. అయినా జాలిపడి మార్కులు వేయడం ఆయనకు చేతకాదు.

ఇంటికి వచ్చిన మర్నాడు మళ్ళీ రెండు వందల పైనే. “మాత్ర మళ్ళీ పెంచమని చెప్పాలి,” అన్నాడు నిట్టూర్చి. ఆవిడ గుచ్చిన వేలు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఏడుపు దిగమింగుకుంటోందని ఆయన ముఖం తిప్పుకున్నాడు.

ఆ మరుసటి పొద్దున మాస్టారు వరండాలో పండు వలిచి మొదటి తొన విడదీస్తుండగా, ఆవిడ మీటరు పట్టుకుని ఎదుట నిలబడింది.

“ఇవాళ ముందు మీరు.”

“నాకెందుకు? నాకేం జబ్బు?”

“తనిఖీ అన్నాక అందరికీ ఒకటే కదండీ. చెయ్యి ఇలా ఇవ్వండి.”

న్యాయమైన మాటకు ఆయన ఎన్నడూ అడ్డు చెప్పి ఎరగడు. తొన పక్కన పెట్టి చెయ్యి చాపాడు. ఆవిడ నిదానంగా గుచ్చి, బొట్టు తీసి, మీటరు ఆయన కళ్ళముందు పెట్టింది.

ఆవిడ అంకెకన్నా ఎక్కువ.

మాస్టారి ముఖం పాలిపోయింది. “నేనేం తినలేదే. ఈ తొన ఇంకా నోట్లో కూడా పెట్టుకోలేదు.”

“చాటుగా తినేవాళ్ళంతా అలాగే అంటారట.”

“ఒట్టు. నా మాట నమ్మవా?”

ఆ ప్రశ్న ఆయన చెవికే వింతగా తగిలింది. తల దించుకుని, “నాకూ వచ్చిందంటావా?” అన్నాడు సన్నగా.

“రాలేదు.” ఆవిడ మీటరులోకి కొత్త స్ట్రిప్పు దూర్చింది.

“ఆ నారింజ వలిచిన చేతులు కడుక్కుని రండి.”