జూన్ పందొమ్మిది వంట

తిప్పేష్ వాకిట్లో అడుగుపెట్టేసరికి మూడు గోనెసంచులు దులిపి తీగ మీద వేసి ఉన్నాయి. పొయ్యి మీద పెద్ద అండాలో శనక్కాయలు ఉడుకుతున్నాయి.

"అమ్మా, ఇవి విత్తనం కాయలు గదా?"

కదిరమ్మ కట్టె ఎగదోస్తూ అవునంది. రాత్రే నానబోశాననీ, రెండు సంచుల కాయలు పొద్దున్నే ఉడికించి కింది వీధంతా పంచేశామనీ, ఇది మూడోదనీ చెప్పింది. పండగ వంట గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

తిప్పేష్ తీగ మీది ఖాళీ సంచులు తడిమి చూశాడు. నాయనకు విత్తడానికి సాయంగా ఉందామని రెండు రోజులు సెలవు పెట్టి అనంతపురం నుంచి వచ్చాడు. ఇప్పుడు విత్తేదేముంది? సర్కారు విత్తనాల పంపిణీ పోయిన వారమే అయిపోయింది. ఈ కాయలు పోతే ఈ ఏడు చేను బీడే. పైగా నాయన పాపన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఇంట్లో జొన్నలు నిండుకున్న రోజు కూడా ఆ సంచుల మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. విత్తనం తినడం ఆయన లెక్కలో దొంగతనం కన్నా హీనం.

"నాయన ఒప్పుకున్న్యాడా?"

"ఆయప్పే మూటలు ఇప్పినాడు. ఫోన్లో వచ్చింది గదా, ఈ పొద్దు వండాల్ల అని."

తిప్పేష్ తన ఫోన్ తీసి చూశాడు. ఫోన్లో వచ్చిన ఆ ముక్క రాసింది తనే. అనంతపురంలో ఒక ఛానల్‌కు రోజూ 'ఈ పూట తిండి ముచ్చట' రాసిపెట్టడం అతని ఉద్యోగం. ఏదో ఆఫీసు పని అని తప్ప ఇంట్లోవాళ్లకు తెలియదు. ఏ తేదీకి ఆ తేదీ ఒక వంటకం దొరకాలి. అది ఎక్కడ పుట్టిందో, ఎవరు తిన్నారో చెప్పాలి. జూన్ పందొమ్మిదికి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. దొరకలేదని ఊరుకునే రకమా మనవాడు? సిటీ బస్సులో నిలబడి పది నిమిషాల్లో ఒక ఆచారాన్నే పుట్టించేశాడు. నాలుగు వందల ఏళ్లుగా ఈ సీమ రైతులు ఏరువాక ముందు ఈ రోజున దోసెడు విత్తనపు శనక్కాయలు ఉడికించి, చేని గట్టున భూమికి పెట్టి, మిగిలినవి పంచిపెడతారని రాశాడు. వారం తిరక్కుండా వాన పడుతుందని చివర్లో ఉప్పు కారం చల్లాడు. ఛానల్‌వాళ్లు నిన్న సాయంత్రమే దాన్ని ఫోన్లకు పంపారు. భలే ఉందని మెచ్చుకున్నారు కూడా.

"దోసెడు అనే గదా దాంట్లో ఉండేది. మూడు మూటలు యాల పోసినావు?"

కదిరమ్మ విననట్టే అండాలో గరిటె తిప్పింది.

ఇంతలో పాపన్న చేను నుంచి వచ్చాడు. స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, తలకు కొత్త తువ్వాలు చుట్టాడు. ఆయన మొహంలో అంత కళ చూసి ఎన్నాళ్లయిందో తిప్పేష్‌కు గుర్తు రాలేదు. గట్టున ఆకేసి పెట్టి వచ్చాననీ, పడమట మబ్బు లేస్తోందనీ చెప్పాడు పాపన్న. తిప్పేష్ తలెత్తి చూశాడు. పడమట మబ్బూ లేదు, గిబ్బూ లేదు.

"ఉండే విత్తనమంతా పెట్టాల్లంటప్పా. ఒక్క గింజ దాచుకున్న్యా వాన రాదంట. నాకు చదువు యాడ వచ్చు? మీ యమ్మే ఫోన్ చూసి మూడు మాట్లు చదివి చెప్పింది," అన్నాడు పాపన్న. ఒక కాయ ఒలిచి, గింజలు కొడుకు చేతిలో పెట్టాడు. తిప్పేష్ వాటిని నోట్లో వేసుకోకుండా గుప్పిట్లోనే ఉంచుకున్నాడు.

ఉడికిన కాయలు గంపకెత్తుకుని పాపన్న పై వీధిలో పంచడానికి వెళ్లాడు. వెళుతూ వెళుతూ మరోసారి పడమటికి చూశాడు. ఆ చూపు తిప్పేష్ తట్టుకోలేకపోయాడు.

"అది అబద్ధమమ్మా. అట్లాంటి ఆచారం యాడా లేదు. నేనే అల్లి రాసినా. ఇప్పుడే పోయి నాయన కాళ్ల మీద పడతా."

లేవబోతున్న కొడుకు చెయ్యి పట్టుకుని కదిరమ్మ కూర్చోబెట్టింది. ఆమె మొహంలో కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు.

"నువ్వు రాసినావని తెలీదు గానీ, అబద్ధమని నిన్ననే తెలుసు. మా యవ్వ చిన్నప్పుడు ఈ పక్క శెనక్కాయే లేదు. కొర్రలు, సజ్జలే. నాలుగు వందల ఏండ్లంట!"

"తెలిసీ నాయనకు అట్ల చదివి చెప్పినావా? దోసెడు అని ఉంటే అంతా అని చదివినావా?"

కదిరమ్మ పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లింది. పాపన్న వీధి మలుపు తిరిగాడో లేదో ఒకసారి చూసుకుంది.

"విత్తొద్దంటే వినే మనిషా ఆయప్ప? వాన కోసమంటేనే మూట ఇప్పుతాడు. పోయినేడు పైరు ఎండినప్పుడు మీ నాయన చేతిలో నుంచి పురుగుల మందు డబ్బా గుంజుకున్న్యా. నీకు చెప్పల్యా. ఈ యేడు ఎండేదానికి పైరే లేకుండా చేసినా."